పనీరు నీళ్ల నుంచి పెప్టైడ్‌ల దాకా.. వే ప్రోటీన్‌ను ఎంజైమ్‌లు ఎలా కత్తిరిస్తాయి? ఎవరికి లాభం?

తిరువూరు: పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే ఎన్టీఆర్ జిల్లా తిరువూరు లాంటి ఊళ్లలో పనీరుకు గిరాకీ పెరుగుతుంది. దావత్ అయినా, వలీమా అయినా, గృహప్రవేశం అయినా పనీరు కూర లేని మెనూ ఇప్పుడు అరుదు. పాలు బాగా కాచి, నిమ్మరసమో సిట్రిక్ యాసిడో వేసి విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టి బరువు పెడితే పనీరు తయారు. మరి గుడ్డలోంచి కారిపోయిన ఆ లేత పసుపు రంగు నీళ్లు? చాలా చోట్ల నేరుగా మురికి కాలువలోకే పోతాయి.

ఇంకోవైపు జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే డబ్బా మీద 'హైడ్రోలైజ్డ్ వే' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ధర వేలల్లో. పాలు పడని పసిపిల్లలకు డాక్టర్లు రాసే ఖరీదైన పాలపొడి డబ్బా మీదా దాదాపు అదే మాట. నిజానికి ఈ 'వే' అనేది మరేదో కాదు, పాలు విరిగినప్పుడు మిగిలే తేట నీరే. కాలువలోకి పోయే నీటికీ, వేల రూపాయల డబ్బాకీ మధ్య జరిగే పని పేరు ఎంజైమాటిక్ హైడ్రాలిసిస్. అంటే ఎంజైమ్‌ల సాయంతో ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించడం.

ఆ నీళ్లలో ఏముంది?

పాలలోని ప్రోటీన్‌లో సుమారు 80 శాతం కేసిన్. పాలు విరిగితే గడ్డకట్టేది అదే. మిగతా 20 శాతం తేటలో కరిగి ఉండే ప్రోటీన్లు. వీటినే వే ప్రోటీన్లు అంటారు. అందులో సగానికి పైగా బీటా-లాక్టోగ్లోబ్యులిన్, దాని తర్వాత ఆల్ఫా-లాక్టాల్బుమిన్. కొద్ది మొత్తంలో సీరం ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబ్యులిన్లు, లాక్టోఫెరిన్ కూడా ఉంటాయి. తేట నీటిలో 93 శాతం పైగా నీరే. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం పాల చక్కెర, అంటే లాక్టోజ్. ప్రోటీన్ వాటా నూటికి ఒక్క పాలు కూడా ఉండదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. అన్ని తేట నీళ్లూ ఒకటి కావు. చీజ్ చేసేటప్పుడు పాలను గోరువెచ్చగా ఉంచి రెనెట్‌తో గడ్డకట్టిస్తారు. అందుకే వే ప్రోటీన్లు చెక్కుచెదరకుండా తేటలోకి దిగుతాయి. పనీరు సంగతి వేరు. పాలను 90 డిగ్రీల దాకా వేడి చేస్తారు కాబట్టి వే ప్రోటీన్లు వేడికి విప్పుకుని కేసిన్‌కు అతుక్కుంటాయి. విరగ్గొట్టినప్పుడు వాటిలో చాలా భాగం పనీరుతోనే వచ్చేస్తుంది. అందుకే చీజ్ తేటలో ప్రోటీన్ 0.6 నుంచి 0.8 శాతం దాకా ఉంటే, పనీరు తేటలో దాదాపు సగమే ఉంటుంది. అంటే పనీరు తినేవాళ్లు వే ప్రోటీన్‌ను ఇప్పటికే చాలావరకు తింటున్నారన్నమాట. 'ప్రోటీన్ అంతా కాలువలో కొట్టుకుపోతోంది' అని వాట్సాప్‌లో తిరిగే మాటలో సగమే నిజం.

బొప్పాయి చేసే పనే

ఎంజైమ్ అనగానే ఏదో లాబొరేటరీ వ్యవహారం అనిపిస్తుంది గానీ, హైదరాబాదీ వంటింట్లో ఇది పాత విద్య. కచ్చే గోష్త్ బిర్యానీకి, పథర్ కా గోష్త్‌కు మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి నానబెడతారు. బొప్పాయి పాలలో ఉండే పపైన్ అనే ఎంజైమ్ మాంసంలోని ప్రోటీన్ గొలుసులను తెంపుతుంది. అందుకే ముక్క మెత్తబడుతుంది. ఎక్కువసేపు ఉంచితే పిండిలా చెదిరిపోతుంది కూడా. వే ప్రోటీన్ విషయంలో ఫ్యాక్టరీ చేసేదీ సరిగ్గా ఇదే. కాకపోతే లెక్కకట్టి చేస్తుంది.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన పొడవైన దండ. బీటా-లాక్టోగ్లోబ్యులిన్ దండలో 162 పూసలుంటాయి. రెండు పూసల మధ్య బంధంలోకి ఒక నీటి అణువు దూరితే ఆ బంధం తెగుతుంది. ఎంజైమ్ ఆ పనిని తేలిక చేస్తుంది. అది కూడా ఎక్కడపడితే అక్కడ కాదు. ఉదాహరణకు ట్రిప్సిన్ అనే ఎంజైమ్ లైసిన్, ఆర్జినిన్ అనే రెండు రకాల పూసల పక్కన మాత్రమే కోస్తుంది. కత్తెర మారితే ముక్కలు మారతాయి. రెండు నుంచి ఇరవై, ముప్పై పూసల దాకా ఉండే ఈ ముక్కలనే పెప్టైడ్‌లు అంటారు.

అసలు విషయం ఇక్కడే ఉంది. దండగా ఉన్నంతకాలం ప్రోటీన్‌కు లేని గుణం, కొన్ని ముక్కలకు విడిగా వస్తుంది. దండ మధ్యలో నిద్రపోతున్న ముక్క కోయగానే లేస్తుందన్నమాట. వీటినే బయోయాక్టివ్ పెప్టైడ్‌లు, అంటే శరీరంలో ఏదో ఒక పని చేయగల ముక్కలు అంటున్నారు. పాల ప్రోటీన్ ముక్కలకు ఇలాంటి పని ఉండొచ్చని తొలిసారి చెప్పింది 1950లో స్వీడన్ శాస్త్రవేత్త మెల్లాండర్. కేసిన్ నుంచి వచ్చిన ఫాస్ఫరస్ గల ముక్కలు రికెట్స్ ఉన్న పసిపిల్లల్లో ఎముకల్లోకి కాల్షియం చేరేందుకు తోడ్పడ్డాయని ఆయన గమనించారు. 1992లో జపాన్ పరిశోధకులు లాక్టోఫెరిన్‌ను పెప్సిన్‌తో కోసి, బ్యాక్టీరియాను చంపే ఒక ముక్కను వేరు చేశారు. దానికి లాక్టోఫెరిసిన్ అని పేరు పెట్టారు. అసలు లాక్టోఫెరిన్ కన్నా ఆ చిన్న ముక్కే ఎక్కువ పదును చూపింది.

ఫ్యాక్టరీలో ఎలా చేస్తారు?

ముందు తేట నీటిని వెంటనే చల్లబరచాలి. కొన్ని గంటలు బయట ఉంచితే పులిసిపోతుంది. తర్వాత వెన్న, పనీరు నలకలు తీసేసి, సన్నటి రంధ్రాలున్న పొరల గుండా ఒత్తిడితో పంపుతారు. నీరు, లాక్టోజ్, లవణాలు పొర దాటిపోతాయి. పెద్ద అణువులైన ప్రోటీన్లు ఇవతలే ఆగుతాయి. దీన్ని అల్ట్రాఫిల్ట్రేషన్ అంటారు. మళ్లీ మళ్లీ కడిగి చిక్కబరిస్తే, పొడి చేసినప్పుడు 80 శాతం దాకా ప్రోటీన్ ఉండే కాన్సంట్రేట్ వస్తుంది. ఇంతవరకూ జరిగింది వడకట్టడమే. కోత ఇంకా మొదలవలేదు.

కోతకు ప్రోటీన్‌ను నీటిలో దాదాపు పది శాతం ద్రావణంగా కలుపుతారు. కొన్నిసార్లు ముందుగా కాస్త వేడి చేస్తారు. ఎందుకంటే సహజ స్థితిలో బీటా-లాక్టోగ్లోబ్యులిన్ గట్టిగా చుట్టుకున్న ఉండలా ఉంటుంది. కడుపులోని పెప్సిన్ కూడా దాన్ని అంత తేలిగ్గా కోయలేదు. వేడికి ఉండ కాస్త విప్పుకుంటే కత్తెరకు చోటు దొరుకుతుంది. తర్వాత ఎంజైమ్‌కు నచ్చే వాతావరణం కల్పించాలి. ఆల్కలేజ్ లాంటి బ్యాక్టీరియా ఎంజైమ్ అయితే 50 - 60 డిగ్రీల వేడి, పీహెచ్ 8 చుట్టుపక్కల. వంద కిలోల ప్రోటీన్‌కు ఒకటి రెండు కిలోల ఎంజైమ్ వేసి కలియబెడుతూ ఉంటారు.

కోత ఎంత జరిగిందో ఎలా తెలుస్తుంది? దీనికో చక్కటి కిటుకుంది. ఈ పీహెచ్ దగ్గర బంధం తెగిన ప్రతిసారీ ద్రావణం కొంచెం పుల్లబడుతుంది. పీహెచ్ పడిపోకుండా యంత్రం చుక్క చుక్కగా క్షారం వేస్తూ ఉంటుంది. ఎంత క్షారం ఖర్చయిందో లెక్కేస్తే ఎన్ని బంధాలు తెగాయో తెలిసిపోతుంది. నూరు బంధాల్లో ఎన్ని తెగాయన్న ఈ లెక్కను 'డిగ్రీ ఆఫ్ హైడ్రాలిసిస్' అంటారు. పది లోపు ఆగితే పాక్షిక హైడ్రోలైజేట్. ఇరవై దాటిందంటే లోతుగా కోసినట్టు.

అనుకున్న దగ్గర ఆపడమూ ముఖ్యమే. లేకపోతే పనికొచ్చే ముక్క కూడా మళ్లీ కోతకు గురై ఒట్టి అమైనో ఆమ్లాలుగా మిగులుతుంది. అందుకే సమయం కాగానే 85 - 90 డిగ్రీలకు వేడి చేసి ఎంజైమ్‌ను చంపేస్తారు. తర్వాత వడపోత, చివరగా వేడిగాలిలో చిమ్మి పొడి చేయడం.

ఇంత చేశాక వచ్చే పెద్ద తలనొప్పి చేదు. నీటిని ఇష్టపడని పూసలు దండ లోపల దాక్కుని ఉంటాయి. కోసేసరికి అవి బయటపడి నాలుకకు తగులుతాయి. చివర్ల నుంచి ఒక్కో పూసను ఊడదీసే ఇంకో రకం ఎంజైమ్‌తో ఈ చేదు తగ్గిస్తారు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు నుంచి వచ్చే ఎంజైమ్‌లు ఈ పనికి వాడతారు. పసిపిల్లల ప్రత్యేక పాలపొడి నోట్లో పెట్టుకుంటే పెద్దలకు వికారం ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

బీపీ, షుగర్ తగ్గుతాయా?

ఈ ముక్కల మీద ఇంత ఆసక్తి ఎందుకంటే, వీటిలో కొన్ని మందు బిళ్లలు చేసే పనినే చిన్న స్థాయిలో చేస్తాయి. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ బిళ్లలు మన శరీరంలోని ఏసీఈ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. బీటా-లాక్టోగ్లోబ్యులిన్ నుంచి ట్రిప్సిన్ కోసిన ఏడు పూసల ముక్క ఒకటి పరీక్ష నాళికలో ఇదే పని చేసింది. షుగర్‌కు వాడే సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ బిళ్లలు డీపీపీ-4 అనే ఎంజైమ్‌ను ఆపుతాయి. వే ముక్కల్లో దాన్ని ఆపేవీ ఉన్నాయి. కొలెస్ట్రాల్ తగ్గించే ఐదు పూసల ముక్కను జపాన్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు.

కానీ పరీక్ష నాళిక వేరు, మనిషి వేరు. నోట్లో వేసుకున్న ముక్క కడుపులోని ఆమ్లాన్ని, పేగుల్లోని ఎంజైమ్‌లను తప్పించుకోవాలి. పేగు గోడ దాటాలి. రక్తంలో చాలినంత చేరాలి. బిళ్లలో మందు మోతాదు మిల్లీగ్రాముల్లో కచ్చితంగా ఉంటుంది. ఇక్కడ ఆ హామీ లేదు. కేసిన్ నుంచి వచ్చే రెండు మూడు-పూసల ముక్కలకు బీపీ తగ్గించే గుణం ఉందని లేబుల్ మీద రాసుకుంటామని కంపెనీలు అడిగితే, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో ఆధారాలు చాలవని తేల్చింది. ఏళ్ల తరబడి పరిశోధన జరిగిన ముక్కల సంగతే అది. భోజనానికి ముందు వే ప్రోటీన్ తాగితే తిన్న తర్వాత షుగర్ కొంత తక్కువగా పెరుగుతుందని మనుషుల మీద చేసిన అధ్యయనాలు ఉన్నాయి. అయితే కోయని మామూలు వేతోనూ ఆ ఫలితం కనిపించింది. కాబట్టి డబ్బా చూసి బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల మానేయడం అంటే ప్రాణంతో చెలగాటమే.

ఇంకో సంగతి. మన కడుపు, పేగులు కూడా హైడ్రాలిసిస్ కేంద్రాలే. పెప్సిన్, ట్రిప్సిన్ అక్కడే పుడతాయి. గ్లాసుడు మజ్జిగ తాగినా, పనీరు ముక్క తిన్నా కోత జరుగుతూనే ఉంటుంది. పెరుగు తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా కూడా కొంత కోస్తుంది. ఫ్యాక్టరీ అదనంగా ఇచ్చేది ఒక్కటే, ఏ ముక్క ఎంత రావాలన్న అదుపు. ఆ అదుపు ఎవరికి నిజంగా అవసరమో చూస్తే లిస్టు చిన్నదే.

అందులో మొదట వచ్చేది పాల ప్రోటీన్ అలర్జీ ఉన్న పసిపిల్లలు. తల్లిపాలలో బీటా-లాక్టోగ్లోబ్యులిన్ ఉండదు. అందుకే కొందరు పిల్లల శరీరం దాన్ని శత్రువుగా చూస్తుంది. లోతుగా కోసేస్తే రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే ఆకారం మిగలదు. అయితే పాక్షికంగా కోసిన పాలపొడి ఈ పిల్లలకు పనికిరాదు. డబ్బా మీద రెండింటికీ 'హైడ్రోలైజ్డ్' అనే ఉంటుంది కాబట్టి డాక్టర్ రాసిందే కొనాలి, షాపులో ఇచ్చిన 'అలాంటిదే ఇంకోటి' కాదు. ఆసుపత్రుల్లో ట్యూబు ద్వారా ఆహారం ఎక్కించే రోగుల్లో, జీర్ణశక్తి దెబ్బతిన్న వారికి కూడా ఇవి ఉపయోగం. అన్నట్టు, హైడ్రోలైజ్డ్ అంటే లాక్టోజ్ లేనిది అని కాదు. కోసింది ప్రోటీన్‌ను, చక్కెరను కాదు.

కత్తెర ఎక్కడి నుంచి వచ్చింది?

లేబుల్ మీద సాధారణంగా కనిపించని ప్రశ్న ఇది. పాలు హలాలే, శాకాహారమే. కానీ ఎంజైమ్? పెప్సిన్ ఎక్కువగా పంది కడుపు నుంచి తీస్తారు. ట్రిప్సిన్, పాంక్రియాటిన్ కూడా చాలావరకు పంది క్లోమం నుంచి వచ్చేవే. ట్రిప్సిన్ ఆవు క్లోమం నుంచీ, ఇప్పుడు సూక్ష్మజీవుల ద్వారా కూడా తయారవుతోంది. ఆల్కలేజ్ బ్యాక్టీరియా నుంచి, పపైన్ బొప్పాయి నుంచి, బ్రోమెలైన్ అనాస నుంచి వస్తాయి. వీటికి ఆ ఇబ్బంది లేదు. వే ఎలాంటి చీజ్ నుంచి వచ్చిందన్నదీ చూడాలి. ఒకప్పుడు రెనెట్ అంటే దూడ కడుపు నుంచి తీసిందే. 1990లో అమెరికా అనుమతి ఇచ్చాక సూక్ష్మజీవుల ద్వారా చేసిన కైమోసిన్ విరివిగా వాడకంలోకి వచ్చింది.

ఎంజైమ్ తయారీలో సాయపడే వస్తువు మాత్రమే, చివరికి వేడికి చచ్చిపోతుంది కాబట్టి దాని పేరు పదార్థాల జాబితాలో కనిపించకపోవచ్చు. స్వభావం మారిపోయిన వస్తువు హుకుం కూడా మారుతుందా అన్న దానిపై ఉలమాల్లో ఒకటికి మించి అభిప్రాయాలున్నాయి. ముస్లిం కుటుంబాలకే కాదు, శాకాహారులకూ ఇది పట్టింపే. కాబట్టి కంపెనీకి నేరుగా రెండు ప్రశ్నలు రాసి పంపడం మంచిది: ఏ ఎంజైమ్ వాడారు, అది దేని నుంచి తీసింది? రాతపూర్వకంగా జవాబివ్వలేని కంపెనీ డబ్బాను పక్కన పెట్టేయొచ్చు.

తిరువూరు చుట్టుపక్కల వారికి ఇంకో హెచ్చరిక కూడా అవసరం. ఈ నియోజకవర్గంలోని ఎ.కొండూరు మండలం తండాలను కిడ్నీ జబ్బు ఏళ్లుగా పీడిస్తోంది. కిడ్నీ దెబ్బతిన్న వారిలో, ఇంకా డయాలసిస్ మొదలుకాని దశలో, ప్రోటీన్ ఎక్కువైతే జబ్బు ముదిరే ప్రమాదం ఉంది. అలాంటి కుటుంబాల్లోని కుర్రాళ్లు ప్రోటీన్ పొడి మొదలుపెట్టే ముందు ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని డాక్టర్‌ను అడగాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే చెప్పాయి. అదే ఏడాది 'మెడిసిన్' జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో మన దేశంలో అమ్ముతున్న 36 రకాల ప్రోటీన్ పొడులను పరీక్షిస్తే, దాదాపు 70 శాతం డబ్బాల మీద ప్రోటీన్ వివరాలు సరిగా లేవని తేలింది.

మన ఊళ్లో చేయొచ్చా?

లెక్క వేసి చూద్దాం. రోజుకు 100 లీటర్ల గేదె పాలు విరగ్గొట్టే దుకాణం ఉందనుకుంటే, సుమారు 80 లీటర్ల తేట మిగులుతుంది. అందులో ప్రోటీన్ 300 గ్రాముల చుట్టుపక్కల. ఒక్క చుక్క పోకుండా పట్టినా చిన్న డబ్బాకు కూడా చాలదు. పొరల యంత్రం, రియాక్టర్, డ్రయ్యర్ కోట్ల ఖర్చు. అదే రోజుకు లక్ష లీటర్లతో చీజ్ చేసే ప్లాంటులో 90 వేల లీటర్ల తేట, 600 కిలోల పైచిలుకు ప్రోటీన్ దొరుకుతుంది. మన దేశంలో వే పొడి అమ్ముతున్న అమూల్, పరాగ్ లాంటి సంస్థలకు పెద్ద చీజ్ ప్లాంట్లు ఉండటం యాదృచ్ఛికం కాదు. మన దగ్గర పాలు పోసే రైతుకు ధర కట్టేది వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ చూసి. వే ప్రోటీన్ ఆ ఎస్ఎన్ఎఫ్‌లోనే కలిసిపోయి ఉంటుంది, దానికి విడిగా పైసా రాదు. చీజ్ స్థాయి ఫ్యాక్టరీ ఈ ప్రాంతానికి వస్తే తప్ప ఆ లెక్క మారదు. అది పాల యూనియన్ల స్థాయిలో జరగాల్సిన పని. చదువు వరకు అయితే కామారెడ్డి, తిరుపతిలో డెయిరీ టెక్నాలజీ కాలేజీలు ఉన్నాయి. పాల రైతుల పిల్లలకు ఇది తెరిచి ఉన్న దారే.

అయినా ఆ 80 లీటర్లను కాలువలో పోయడం మాత్రం ఆపాల్సిందే. తేట నీటిని కుళ్లబెట్టేందుకు సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, అంటే బీఓడీ, లీటరుకు 30 వేల మిల్లీగ్రాములు దాటుతుంది. చెరువులు, వాగుల్లోకి వదిలే నీటికి మన దేశంలో సాధారణ పరిమితి 30. ఒక్క దుకాణం తేట రోజూ కాలువలోకి పోతే, యాభై మంది మురుగు నీటితో సమానమైన భారం అదనంగా పడ్డట్టే. కాలువ చివర చెరువు ఉంటే చేపలకు ఊపిరాడదు.

తాజా తేటతో చపాతీ పిండి కలిపితే రొట్టె మెత్తగా వస్తుంది. పప్పు ఉడికించుకోవచ్చు. మామిడి గుజ్జు, చక్కెర కలిపి, మరిగించి చల్లార్చితే పానీయం అవుతుంది. మామిడి తోటల ఊరికి గుజ్జు కొరత లేదు కదా. మిగిలింది గేదెలకు కుడితిలో పోయొచ్చు. అయితే ఒక్కసారే బకెట్లకొద్దీ పోస్తే పొట్ట పులిసి మేత మానేస్తాయి. మొదటి వారం లీటరు, రెండు లీటర్లతో అలవాటు చేయాలి. ముందురోజు మిగిలి పులిసిపోయినది పోయకూడదు.